ఆదివారం నుంచి చవితి దాకా

డెబ్భై దాటినవాణ్ణి. పుట్టింది దివిసీమలో, బతుకంతా విజయవాడ ఆటోనగర్ ఇంజన్ల మధ్య, ఇల్లు సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు మా ఇళ్లలోకి వచ్చింది. 7వ తేదీ, శనివారం వినాయక చవితి. ఆ వారంలో ఏడుపూ సంతోషమూ వంతులు వేసుకుని రాలేదు, ఒక్కోసారి ఒకే పూట రెండూ గుమ్మంలో నిలబడ్డాయి. మా వీధి పిల్లలకు చెబుతూ వస్తున్నవే ఇక్కడ రాస్తున్నాను.

1. నీరు ఏ దిక్కు నుంచి వస్తుందో తెలుసుకుని ఉండండి.

ఆ ఆదివారం ఊరంతా కృష్ణ వైపే చూస్తోంది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది, 2009 అక్టోబరు వరదను కూడా దాటేసింది. కృష్ణలంకను రిటైనింగ్ గోడ కాపాడింది. మాకు నీళ్లు వెనక నుంచి వచ్చాయి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, దాని వరదను మళ్లింపు కాల్వలోకి తిప్పి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపారు. కృష్ణే నిండుగా ఉన్నప్పుడు ఆ కాల్వ నీళ్లు ఎక్కడికి పోతాయి? కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వాగు తన పాత దారి పట్టింది. ఆ పాత దారి పొడుగునా ఇప్పుడు మన కాలనీలున్నాయి.

1977 నవంబరు 19న దివిసీమ తుపానులో కూడా ఇంతే. గాలికి భయపడి తలుపులు బిడాయించుకున్నవాళ్ల మీదికి సముద్రం వచ్చింది. అందుకే ఇల్లు కొనేవాళ్లనీ, అద్దెకు దిగేవాళ్లనీ నేను వాస్తు కంటే ముందు ఇదే అడుగుతాను: వానాకాలంలో ఈ వీధి నీళ్లు ఎటు పోతాయి?

2. పై వాటా వాళ్లతో మాట మంచిగా ఉంచుకోండి.

మా పై వాటాకీ పక్కింటికీ మోటారు కరెంటు బిల్లు దగ్గర తేడా వచ్చి చాలాకాలంగా మాటల్లేవు. ఆదివారం మధ్యాహ్నం పై వాటా ఆవిడే మెట్ల మీద నిలబడి, "పిన్నీ, పిల్లల్ని ముందు నాకు అందించండి" అని పక్కింటావిడ వైపు చేతులు చాచింది. రాత్రికి ఆ రెండు గదుల్లో నాలుగు కుటుంబాలం. ఒక్క సిలిండరు, ఒక్క కుక్కరు. అందరికీ పప్పన్నం పెట్టిన ఆ చేతికి నేను నమస్కారం చేశాను. ఆ బిల్లు సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు.

3. మందులు ముందు, కాగితాలు తర్వాత, మిగతావన్నీ ఆ తర్వాతే.

మా ఆవిడ ఇన్సులిన్ సీసా పట్టుకుని మెట్లెక్కింది. కరెంటు లేదు, ఫ్రిజ్ నీళ్లలో ఉంది. వాడుతున్న సీసా మరీ వేడి తగలకపోతే సుమారు నెలపాటు ఫ్రిజ్ లేకుండానే ఆగుతుంది. ఆ సంగతి తెలియక చాలామంది పారేసుకున్నారు. తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, సీసాకి తడి తగలకుండా పెట్టుకుంటే చాలు.

4. నీళ్లు తాగిన బండిని స్టార్ట్ చేయకండి.

ఈ ఒక్కటి గట్టిగా చెబుతాను. నీరు తీయగానే కుర్రాళ్లు ఆత్రంగా కిక్ కొడతారు, సెల్ఫ్ నొక్కుతారు. గాలిని నొక్కినట్టు నీళ్లని పిస్టన్ నొక్కలేదు. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి వెళుతుంది. ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి. ప్లగ్ విప్పాలి. ఆయిల్ దించి చూడాలి, మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్లు కలిసినట్టే. ట్యాంకులో పెట్రోలు మార్చాలి, ఎయిర్ ఫిల్టర్ ఆరబెట్టాలి.

మా వీధిలో ఈ మాట చెప్పాక, నా పాత పానాల పెట్టె బయటికి తీశాను. "తాతగారూ, మా బండి ఒకసారి చూడండి" అంటూ వరస కట్టారు. స్విగ్గీ బండి, పాల బండి, ఆటో. ఒక కుర్రాడి ఆటో మళ్లీ మోగినప్పుడు వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది. కింద నా ఇంట్లో బీరువా ఉబ్బిపోయి తలుపు రావడం లేదు, అయినా ఆ సాయంత్రం నాకు ఎంతో సంతోషంగా గడిచింది.

5. "పోయినవి వస్తువులే కదా" అనకండి.

మా వీధి చివర కుట్టుమిషను ఆవిడ దగ్గర పండక్కని ఇచ్చిన బట్టలన్నీ బురదలో నానాయి. అవి ఆవిడవి కావు, నలుగురివీ. ఆవిడకి పోయింది మాట. ప్రాణాలు దక్కాయిగా అని ఓదార్చబోయినవాళ్లు ఉన్నారు. ఆ మాట ఆవిడ అనుకోవాలి గానీ మనం అనకూడదు. మా ఆవిడ ఏమీ అనకుండా ఆవిడ పక్కన కూర్చుని బట్టలు జాడించింది.

6. పండగని వాయిదా వేయకండి.

చవితి నాటికి కొన్ని వీధుల్లో ఇంకా నీళ్లున్నాయి. పత్రి లేదు, బొమ్మ లేదు. క్యాలెండరు బొమ్మకి దండం పెట్టి, సాయంగా వచ్చిన బియ్యంతోనే ఉండ్రాళ్లు చేశారు. మంగళవారం పడవలో ఫ్లైఓవర్ దాకా తీసుకెళ్లిన నిండు చూలాలికి ఆడపిల్ల పుట్టిందని ఆ పొద్దునే తెలిసింది. సైన్యం సాయంతో మూడో గండి పూడ్చిన కబురూ ఆ రోజే. పూజలో ఏడ్చినవాళ్లు ఉన్నారు, అయినా హారతి అందరూ కళ్లకద్దుకున్నారు.

7. నష్టం లెక్క రాసేవాళ్లు వచ్చినప్పుడు ఇంట్లో మనిషి ఉండాలి.

కింది వాటాలకు 25,000, పై వాటాలకు 10,000 రూపాయలు ప్రకటించింది ప్రభుత్వం. అద్దెకుండేవాళ్లు చాలామంది తాళాలేసి సొంతూళ్లకు వెళ్లిపోయారు. తాళం ఉన్న ఇంటికి పేరు ఎవరు చెబుతారు? ఇంటాయన పేరు కాదు, అందులో ఉండి తడిసినవాళ్ల పేరు ఎక్కాలి. లెక్క రాసేవాళ్లు వస్తున్నారని తెలిసిన రాత్రే మా పక్క వాటా దంపతులకి ఫోన్ చేసి, ఆధార్ కార్డులు పట్టుకుని వెంటనే బయల్దేరమన్నాం. తెల్లారేసరికి గుడివాడ బస్సు దిగారు. పేరు రాయించుకుని, చీపురు తీసుకుని వాళ్ల గది కడగడం మొదలుపెట్టారు.