‘రెస్ట్’కీ ‘ఫిట్’కీ మధ్య ఉన్న ఉద్యోగం

జీడిమెట్లలో లేత్ మీద పనిచేసే కుర్రాడి చెయ్యి తెగిందనుకుందాం. వేలు ముడిచే నరం తెగింది (జనం నరమే అంటారు, నిజానికి అది టెండన్). డాక్టరు కుట్టి అతికారు. దాదాపు 12 వారాలు ఆ చేత్తో బరువెత్తకూడదు. అన్నాళ్లూ ఇంట్లోనే. ఎందుకంటే మన ఆస్పత్రుల్లో అతనికి రాసిచ్చేవి సాధారణంగా రెండే కాగితాలు: ‘రెస్ట్’, కాకపోతే ‘ఫిట్’. ఫిట్ అని రాయించుకున్న మర్నాడు పాత మెషీనూ, పాత షిఫ్టే.

ఈ రెంటి మధ్యా ఒక మెట్టు కట్టేవాళ్లు ఆక్యుపేషనల్ థెరపిస్టులు. బైపీసీ పిల్లలకు ఫిజియోథెరపీ తెలుసు, ఈ పేరు చెబితే మాత్రం తెల్లమొహం వేస్తారు. ఫిజియో ప్రధానంగా ఒంటి కదలికను చూస్తే, వీళ్లు మనిషి చేసే పనిని చూస్తారు. షెడ్డులోకి వెళ్లి నిలబడతారు. ముక్క బరువెంత, షిఫ్టులో ఎన్నిసార్లు ఎత్తాలి, నేల మీంచా బల్ల మీంచా, లివరు లాగేది ఏ చెయ్యి? అంతా రాసుకుని, ఇప్పుడే చేయగల పనిని విడదీస్తారు. డాక్టరు ఒప్పుకుంటే గేజ్‌తో కొలతలు చూడటం, స్టోర్స్ రిజిస్టర్ రాయడం ముందు, బరువులు తర్వాత.

బ్రిటన్‌లో 2010లో ‘సిక్ నోట్’ తీసేసి ‘ఫిట్ నోట్’ తెచ్చారు. గంటలు తగ్గిస్తే, పని మారిస్తే చేయగలడు అని అందులో రాయొచ్చు. 2022 జులై నుంచి ఆక్యుపేషనల్ థెరపిస్టులూ దాని మీద సంతకం పెడుతున్నారు.

మన దగ్గర చిక్కు మరోచోట ఉంది. పనిలో గాయపడితే ఈఎస్‌ఐ వేతనంలో 90 శాతం ఇస్తుంది. కానీ పనిచేసి జీతం తీసుకున్న రోజుకు ఆ భత్యం రాదు. పూటపనికి పూటజీతం ఇస్తే కార్మికుడికే నష్టం. అతను రానంటే తప్పేముంది? తేలిక పనికీ పూర్తి జీతమిస్తేనే ఆ మెట్టు నిలుస్తుంది. హెచ్‌ఆర్, సేఫ్టీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఇంటర్వ్యూకి ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

ఈ చదువు మన దేశంలో ముంబై కేఈఎం ఆస్పత్రిలో 1950లో మొదలైంది, కమలా నింబ్కర్ చొరవతో. ఇప్పుడు కటక్ దగ్గరి ఓలట్‌పూర్, కోల్‌కతాల్లోని జాతీయ సంస్థల్లో, వెల్లూరు సీఎంసీలో బీఓటీ (బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ) ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి ఐదేళ్లు. ప్రవేశ నిబంధనలు మారుతున్నాయి, ఏ ఏటి నోటిఫికేషన్ ఆ ఏడు చదవండి.

ఒక మాట దాచను. డిగ్రీ చేతికొచ్చాక ఎక్కువగా కనిపించే ఉద్యోగాలు పిల్లల థెరపీ సెంటర్లలోవి. ఫ్యాక్టరీ వైపు దారి మీరే వేసుకోవాలి. ఇంటర్న్‌షిప్‌లో హ్యాండ్ సర్జరీ వార్డు అడిగి వేయించుకోండి. ఒక సెలవు రోజున తెలిసినవాళ్ల వర్క్‌షాపులో షిఫ్టంతా నిలబడి, ఒక్క మనిషి కుడిచెయ్యి ఎన్నిసార్లు బరువెత్తిందో లెక్కపెట్టండి.