నొప్పి ఏ భాషలో చెప్పాలి?

పిల్లలూ! మీకు కడుపులో నొప్పి వచ్చిందనుకోండి. డాక్టరుగారి దగ్గరకు వెళ్తే ఆయన ముందుగా స్టెతస్కోపు తీయరు. "నొప్పి ఎలా ఉంది బాబూ?" అని అడుగుతారు. మీరు "మంటగా ఉందండీ" అనవచ్చు, "మెలిపెడుతోంది" అనవచ్చు, "సూదులతో గుచ్చినట్టుంది" అనవచ్చు. ఈ మూడు జవాబులూ ఆయనకు మూడు వేరు దారులు చూపుతాయి. మంట అనగానే ఆయన ఆలోచన జీర్ణాశయంలోని ఆమ్లం వైపు పోతుంది. మెలిపెడుతోందంటే పేగుల కండరాలు పట్టేసి వదులుతున్నాయేమోనని చూస్తారు. పోటు, సలుపు, తీపు, తిమ్మిరి, గుంజుడు... మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్క పీరియడులో నొప్పికి పద్నాలుగు తెలుగు మాటలు చెప్పారు.

ఇప్పుడు ఆ డాక్టరుగారికి తెలుగు ఒక్క ముక్క కూడా రాదనుకోండి. మీకేమో ఆయన భాషలో "నొప్పి" అనే ఒక్క మాటే వచ్చు. ఎక్స్‌రే యంత్రం ఉంది, రక్తపరీక్ష ఉంది, మంచి మందులున్నాయి. కానీ ఏ పరీక్ష చేయాలో తేల్చే తొలి సమాచారమే ఆయనకు అందలేదు. ఐరోపా ఖండపు ఉత్తరపు కొసన ఉండే సామీ ప్రజలకు చాలాకాలం ఆస్పత్రిలో ఎదురైన ఇబ్బంది ఇదే.

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల ఉత్తర భాగాలలోనూ, రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనూ సామీలు ఉంటారు. అందరూ కలిసి సుమారు 80 వేల నుంచి లక్ష మంది. సగానికి పైగా నార్వేలోనే ఉన్నారు. పాత భూగోళం పుస్తకాల్లో వీరిని "లాప్‌లు" అని రాసేవారు. అది ఇతరులు పెట్టిన పేరు, వారికి అది కించగా అనిపిస్తుంది, కనుక మనం వాడవద్దు. రెయిన్‌డీర్ మందలను మేపడం వీరి ప్రసిద్ధమైన వృత్తి. అయితే నేడు ఆ పని చేసేవారు కొద్దిమందే. మిగిలినవారు చేపలు పడతారు, వ్యవసాయం చేస్తారు, పట్నాలలో ఉద్యోగాలు చేస్తారు. సామీ భాష ఒక్కటి కాదు, తొమ్మిది దాకా ఉన్నాయి. వాటిలో కొన్ని ఒకదానికొకటి బాగా దూరంగా ఉంటాయి.

నార్వే ప్రభుత్వం 19వ శతాబ్దం మధ్య నుంచి సుమారు వందేళ్లపాటు సామీ పిల్లలను నార్వేజియన్లుగా మార్చాలని చూసింది. ఎందరో పిల్లలను ఇంటికి దూరంగా వసతి పాఠశాలల్లో ఉంచారు. బడిలో సొంత భాషకు చోటు లేకపోయింది. అలా చదివినవారు పెద్దవాళ్లయి, ముసలివాళ్లయి ఆస్పత్రికి వచ్చినప్పుడు ఏమవుతుంది? బజారులో సరుకులు కొనడానికి సరిపోయే నార్వేజియన్ భాష వారికి వస్తుంది. గుండెలో బరువును, మనసులో దిగులును చెప్పుకోవడానికి అది చాలదు. 2008లో వెలువడిన ఒక పరిశోధనలో, సామీ భాష ఎక్కువగా వాడే ప్రాంతాల్లోని సామీ రోగులలో కొందరు, భాష కారణంగా తమకూ డాక్టరుకూ మధ్య అపార్థాలు వచ్చాయని చెప్పారు. అదీ ప్రపంచంలోనే మంచి వైద్యసేవలున్న దేశాలలో ఒకటైన నార్వేలో!

మాటలు తెలిసినా చాలదు, మాట తీరు కూడా తెలియాలి. ఉత్తర సామీ భాషలో "బిర్గెత్" అనే క్రియ ఉన్నది. ఉన్నదానితో ఎలాగో నెట్టుకురావడం, ఎవరి మీదా ఆధారపడకుండా బతకడం అని దాని భావం. మంచులో మందలు కాచే జీవితంలో ఇది గొప్ప గుణం. అటువంటి వ్యక్తిని "ఎలా ఉన్నారు?" అని అడిగితే "నెట్టుకొస్తున్నాను" అంటాడు. కొత్త డాక్టరు ఆరోగ్యంగా ఉన్నాడని రాసుకుని పంపేస్తాడు. మన తాతయ్యలు "ఏదో ఉన్నాను నాయనా" అనరూ? ఆ మాట వెనుక ఏముందో మన ఇంట్లోవాళ్లకు తెలుసు. బయటివాళ్లకు తెలియదు.

ఇంకో ఉదాహరణ చూడండి. వృద్ధులలో మతిమరుపు రోగాన్ని గుర్తించడానికి డాక్టర్లు కొన్ని ప్రశ్నలు వేస్తారు. ఇది ఏ సంవత్సరం? ఏ నెల? ఏ ఋతువు? తప్పు జవాబులను బట్టి మార్కులు తగ్గుతాయి. ఐరోపా పుస్తకాలలో ఋతువులు నాలుగు. మనకు ఆరు. సామీల సంప్రదాయంలో ఎనిమిది! రెయిన్‌డీర్ల కదలికను బట్టి శీతకాలానికీ వసంతానికీ మధ్య ఒకటి, వసంతానికీ వేసవికీ మధ్య ఒకటి, ఇలా వాళ్లు లెక్కిస్తారు. ఒక అవ్వ "ఇది వసంత-శీతకాలం" అన్నదనుకోండి. ఆమెకు మతి తప్పిందనాలా, పరీక్ష తయారుచేసినవారికి ఆమె జీవితం తెలియదనాలా? అదీగాక మతిమరుపు ముదిరినప్పుడు, పెద్దయ్యాక నేర్చిన భాష ముందుగా జారిపోయి, చిన్ననాటి భాషే మిగలడం తరచు కనిపిస్తుంది. ఆ దశలో సామీ మాట్లాడే నర్సు లేకపోతే ఆ అవ్వ దాహం వేస్తోందని కూడా చెప్పుకోలేదు.

"మనవడు పక్కన ఉండి అనువాదం చేయవచ్చు కదా?" అని మీరు అడగవచ్చు. చాలా ఇళ్లలో అదే జరిగింది. కానీ అవ్వ తన ఒంటి సంగతులన్నీ మనవడి ముందు చెప్పగలదా? డాక్టరు చెడ్డ కబురు చెబితే పన్నెండేళ్ల పిల్లవాడు దాన్ని ఆమెకు ఉన్నదున్నట్టు చెబుతాడా?

భాష కంటే లోతైన గాయం మరొకటి ఉన్నది. స్వీడన్ ప్రభుత్వం 1922లో ఉప్సలా నగరంలో "జాతి జీవశాస్త్ర" సంస్థను స్థాపించింది. దాని అధిపతి హెర్మన్ లుండ్‌బోర్గ్ ఒక వైద్యుడు. ఆయన బృందం సామీల ఊళ్లకు వెళ్లి తలలు కొలిచింది, పిల్లలను సైతం బట్టలు విప్పించి ఫోటోలు తీసింది. మనుషుల్లో ఎక్కువ జాతి, తక్కువ జాతి ఉన్నాయని రుజువు చేయాలని వారి ప్రయత్నం. అది శాస్త్రం కాదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. కొలతబద్దలు పట్టుకున్న వాళ్లందరూ శాస్త్రజ్ఞులు కారు! స్వీడన్‌లోని లిక్సెలె దగ్గర సమాధులు తవ్వి తీసుకుపోయిన 25 మంది సామీల అవశేషాలను 2019 ఆగస్టులో తిరిగి అక్కడే పాతిపెట్టారు. తెల్లకోటు వేసుకున్న మనిషి తన అవ్వను ఎలా చూశాడో విని పెరిగిన వ్యక్తి ఆస్పత్రికి ఆలస్యంగా వస్తే ఆశ్చర్యమేమిటి?

ఇటువంటి జ్ఞాపకాలు ఇతర ఆదివాసులకూ ఉన్నాయి. కెనడా ఉత్తర తీరంలో ఇన్యుయిట్ ప్రజలకు క్షయ సోకినప్పుడు, 1950 నుంచి సి.డి. హౌ అనే ఓడ ఎక్స్‌రే యంత్రంతో ఊరూరా తిరిగింది. ఊపిరితిత్తుల్లో మచ్చ కనబడితే రోగిని ఇంటికి పంపకుండానే దక్షిణాది ఆస్పత్రులకు తీసుకుపోయేవారు. ఎందరో ప్రాణాలతో బయటపడ్డారు, నిజమే. కానీ తిరిగి రానివారు ఎక్కడ చనిపోయారో, ఎక్కడ పాతిపెట్టారో కూడా కొన్ని కుటుంబాలకు తెలియలేదు. 2019లో కెనడా ప్రధానమంత్రి ఇందుకు క్షమాపణ చెప్పారు.

మళ్లీ సామీల దగ్గరకు వద్దాం. ఒక జనానికి వైద్యం చేయాలంటే వారి తిండి కూడా తెలియాలి. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రం పేలింది. గాలిలో కొట్టుకొచ్చిన సీజియం-137 వానతో పాటు నార్వే, స్వీడన్ కొండలపై పడింది. అక్కడ లైకెన్లు పెరుగుతాయి. లైకెన్‌కు వేళ్లుండవు, గాలి నుంచీ వాన నుంచీ పోషకాలు పీల్చుకుంటుంది, కనుక సీజియాన్ని కూడా పీల్చుకుంది. శీతకాలంలో రెయిన్‌డీర్లకు లైకెనే ముఖ్యాహారం. ఆవర్తన పట్టికలో సీజియం, పొటాషియం ఒకే గ్రూపులో ఉన్నాయని మీరు చదివారు కదూ! అందుకే జంతువు శరీరం సీజియాన్ని పొటాషియం అనుకుని కండరాల్లో చేర్చుకుంటుంది. ఆ కండరమే మాంసం. సీజియం-137 అర్ధజీవిత కాలం సుమారు 30 ఏళ్లు. వేలాది రెయిన్‌డీర్ల మాంసం పారవేయవలసి వచ్చింది.

నార్వేలో ఆహారానికి పెట్టిన పరిమితి కిలోకు 600 బెకరెల్‌లు. అదే నిలిపితే రెయిన్‌డీర్ వృత్తి నాశనమయ్యేది. అందుకని 1986 నవంబరులో రెయిన్‌డీర్ మాంసానికి మాత్రం 6000 చేశారు. పట్నవాసులు ఆ మాంసం అరుదుగా తింటారు, వారికి ప్రమాదం లేదు. కాని లెక్క వేయండి. ఏడాదికి అరకిలో తినేవారికి గరిష్ఠంగా చేరేది 3000 బెకరెల్‌లు. 50 కిలోలు తినే పశుకాపరి కుటుంబీకుడికి 3 లక్షలు! అందరికీ ఒకే అంకె సరిపోదన్నమాట. కాపరులకు వేరే ఆహార సలహాలు ఇవ్వవలసి వచ్చింది, వారి శరీరంలోని సీజియాన్ని యంత్రాలతో కొలవవలసి వచ్చింది. కౌటోకైనోలో 1965 నుంచే, అణుబాంబు పరీక్షల ధూళి కారణంగా, ఈ కొలత జరుగుతూ ఉన్నది. రెయిన్‌డీర్లకు ప్రష్యన్ నీలం అనే రంగుపదార్థం తినిపించారు. అది పేగుల్లోనే సీజియాన్ని పట్టుకుని పేడతో బయటకు పంపుతుంది. లైకెన్ మేత మొదలయ్యే శీతకాలానికి ముందే జంతువులను కోయడం మరో ఉపాయం. వృత్తి తెలిసిన కాపరుల సహకారం లేకుండా ఇవేవీ సాధ్యమయ్యేవి కావు.

పరిస్థితి ఎలా మారింది? 1979లో ఆల్టా నదిపై ఆనకట్టకు వ్యతిరేకంగా సామీ యువకులు ఓస్లోలో నిరాహారదీక్ష చేశారు. ఆనకట్ట ఆగలేదు గాని దేశం కళ్లు తెరిచింది. 1989లో నార్వేలో సామీ పార్లమెంటు మొదలైంది. 1992 నుంచి ఆరు మునిసిపాలిటీలలో ఆస్పత్రిలో సామీ భాష వాడే హక్కు చట్టరీత్యా అమలయింది. అంతకుముందే, 1972లో, ధ్రువవృత్తానికి చాలా ఉత్తరాన ట్రోమ్సోలో విశ్వవిద్యాలయం తెరిచారు. దక్షిణం నుంచి వచ్చిన డాక్టర్లు ఉత్తరాన నిలవడం లేదు కనుక, ఉత్తరాది పిల్లలకే వైద్యవిద్యలో సీట్లు కేటాయించారు. సామీ విద్యార్థులకూ కొన్ని ఉంచారు. నా దృష్టిలో ఎన్ని భవనాలు కట్టినా ఈ ఒక్క పనికి సాటిరావు.

2020లో కరాష్యోక్‌లో "సామీ క్లినిక్" ప్రారంభమైంది. అక్కడ శరీర రోగాలకూ, మానసిక వేదనలకూ సామీ భాషలో వైద్యం దొరుకుతుంది. కానీ దక్షిణ సామీ భాష మాట్లాడేవారు కొన్ని వందల మందే. వారిలో నుంచి ఎందరు డాక్టర్లు కాగలరు? ఆ లోటు ఫోనులోనో వీడియోలోనో దుబాసీని పిలిచి పూడ్చుకోవాలి.

మన ఏజెన్సీ ప్రాంతాలలోనూ గోండి, కోయ, కువి, సవర భాషలు మాట్లాడేవారు తెలుగు డాక్టరు ముందు కూర్చుంటారు. మీ తరగతిలో అటువంటి మిత్రులుంటే ఒక పని చేయండి. నొప్పికి వారి భాషలో ఉన్న మాటలన్నీ ఒక వరుసలో, తెలుగు మాటలు పక్క వరుసలో రాయండి. తెలుగులో జోడీ దొరకని మాటల కింద గీత గీసి, ఆ నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎలా వస్తుందో వారినే అడిగి వివరంగా రాసుకోండి.