అప్పు చేసి కంపెనీ కొన్నాయన: హెన్రీ క్రావిస్

ప్లేస్‌మెంట్ సీజన్ మొదలయ్యాక మా హాస్టల్ కారిడార్‌లో ఒక మాట పదేపదే వినపడుతోంది: ప్రైవేట్ ఈక్విటీ. మెకానికల్ చదివి, వర్క్‌షాప్‌లో చేతులు నల్లగా చేసుకున్న మావాళ్లే "క్యాట్ రాసి, ఎంబీఏ చేసి, పీఈలోకి వెళ్లిపోతా" అంటున్నారు. "అక్కడ ఏం పని చేస్తార్రా?" అని అడిగితే "కంపెనీలు కొంటారు, అమ్ముతారు" అన్నారు. అంతకుమించి ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు.

అందుకే దసరా సెలవుల్లో కూర్చుని ఈ వ్యాపారాన్ని పెద్దది చేసినవాళ్లలో ఒకరైన హెన్రీ క్రావిస్ గురించి చదివాను. నాకు అర్థమైనంత వరకు మీకు చెప్తాను. ఫైనాన్స్ రాకపోయినా ఫర్వాలేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు.

క్రావిస్ 1944లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం, టల్సాలో పుట్టారు. వాళ్ల నాన్న పెట్రోలియం ఇంజనీరు. కొడుకు మాత్రం ఎకనామిక్స్ చదివి, 1969లో కొలంబియాలో ఎంబీఏ పూర్తి చేశారు. తర్వాత బేర్ స్టెర్న్స్ అనే సంస్థలో జెరోమ్ కోల్‌బర్గ్ అనే సీనియర్ దగ్గర పని నేర్చుకున్నారు. వరసకు సోదరుడైన జార్జ్ రాబర్ట్స్ కూడా అక్కడే ఉన్నారు. 1976లో ముగ్గురూ బయటికొచ్చి, లక్షా 20 వేల డాలర్లతో సొంత సంస్థ పెట్టారు. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు: కేకేఆర్.

లక్షా 20 వేలతో పెద్ద పెద్ద కంపెనీలు ఎలా కొంటారు? ఇక్కడే అసలు పాఠం ఉంది.

మన హాస్టల్ మెస్‌నే తీసుకుందాం. దాని ధర 50 లక్షలు అనుకోండి. నా దగ్గర 5 లక్షలే ఉన్నాయి. మిగతా 45 లక్షలు బ్యాంకు ఇస్తుంది. అయితే ఆ అప్పు నా పేరు మీద కాదు, మెస్ పేరు మీద! వడ్డీ పోగా మెస్‌కు ఏటా 9 లక్షలు మిగులుతాయనుకుంటే, 5 ఏళ్లలో అసలు తీరిపోతుంది. అప్పుడు అదే 50 లక్షలకు అమ్మేసినా నా 5 లక్షలు 50 లక్షలయ్యాయి. పదింతలు! మెస్ విలువ ఒక్క రూపాయి కూడా పెరగలేదని గమనించండి. అప్పు తీర్చింది మీరూ నేనూ కట్టిన మెస్ బిల్లులు.

దీన్నే లీవరేజ్‌డ్ బయౌట్ అంటారు. లీవర్ అంటే మనకు కొత్తేం కాదు. గడ్డపార కింద చిన్న రాయి పెట్టి బండను లేపడమే. ఇక్కడ గడ్డపార అప్పు. అమెరికాలో అప్పు మీద కట్టే వడ్డీని లాభంలోంచి తీసేశాకే పన్ను లెక్కేసేవారు కాబట్టి, ఆ గడ్డపార ఇంకాస్త పొడవైంది.

ఇప్పుడు రెండోవైపు చూడండి. నూనె ధర పెరిగింది, 9 లక్షలు మిగలడం లేదు. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. ఏం చేస్తాను? ఇద్దరు వంటవాళ్లను తీసేస్తాను, సాంబారు పల్చన చేస్తాను. అయినా మునిగితే నా 5 లక్షలు పోతాయి, బ్యాంకు అప్పు పోతుంది, వంటవాళ్ల బతుకుతెరువు పోతుంది. నా ఇంటి మీదికి మాత్రం ఎవరూ రారు.

క్రావిస్ కెరీర్ అంతా ఈ రెండు వైపుల మధ్యే నడిచింది. ఒక్కో డీల్ ఒక్కో పాఠం.

మంచి పాఠం డ్యూరాసెల్. 1988లో కేకేఆర్ ఈ బ్యాటరీల కంపెనీని సుమారు 180 కోట్ల డాలర్లకు కొంది. మేనేజర్ల చేత కూడా సొంత డబ్బు పెట్టించింది. సొంత డబ్బు ఉంటే పని తీరే వేరు కదా! 1996లో దాన్ని జిలెట్ తీసుకునేనాటికి విలువ 700 కోట్ల డాలర్లు దాటింది.

చేదు పాఠం సేఫ్‌వే. 1986లో కొన్న సూపర్‌మార్కెట్ల గొలుసు ఇది. అప్పు తీర్చడానికి చాలా దుకాణాలు అమ్మేశారు, డాలస్ ప్రాంతంలోవి మొత్తం వదిలించుకున్నారు. దుకాణాల అమ్మకాల వల్లా, తొలగింపుల వల్లా 63 వేల మంది ఆ కంపెనీకి దూరమయ్యారని సూసన్ ఫలూడీ 1990లో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో రాశారు. ఆ కథనానికి పులిట్జర్ వచ్చింది. వాళ్లలో కొందరికి కొత్త యజమానుల దగ్గర పని దొరికింది, కొందరికి జీతం తగ్గింది. కేకేఆర్‌కు మాత్రం ఈ డీల్‌లో పెద్ద లాభమే వచ్చింది. ఒకే డీల్ ఒకరికి విజయం, ఇంకొకరికి రోడ్డున పడటం.

ధర పాఠం ఆర్‌జేఆర్ నాబిస్కో. ఓరియో బిస్కెట్లూ, కేమెల్ సిగరెట్లూ చేసే కంపెనీ. 1988 అక్టోబరులో దాని సీఈఓ రాస్ జాన్సన్, ఒక్కో షేరుకు 75 డాలర్లిచ్చి తామే కొనేస్తామన్నారు. క్రావిస్ 90 అన్నారు. వేలంపాటలా పెరిగి పెరిగి చివరికి 109 దగ్గర కేకేఆర్ గెలిచింది. మొత్తం సుమారు 2,500 కోట్ల డాలర్లు, అప్పటికి అంత పెద్ద బయౌట్ లేదు. క్రావిస్ ప్రపంచానికి తెలిసిపోయారు. కానీ 1995లో కేకేఆర్ బయటపడేసరికి చెప్పుకోదగ్గ లాభం ఏమీ మిగల్లేదు. వేలంలో గెలవడం వేరు, లాభం రావడం వేరు. విచిత్రం ఏంటంటే, ఇంత పెద్ద డీల్‌కు ముందే, 1987లో, పని నేర్పిన కోల్‌బర్గ్ సంస్థ వదిలి వెళ్లిపోయారు.

మన థర్మల్ సబ్జెక్టుకు దగ్గరి పాఠం టీఎక్స్‌యూ. 2007లో టెక్సాస్ విద్యుత్ కంపెనీని కేకేఆర్, టీపీజీ, గోల్డ్‌మన్ శాక్స్ కలిసి సుమారు 4,500 కోట్ల డాలర్లకు కొన్నాయి. అక్కడ కరెంటు ధర సహజవాయువు ధరను బట్టి నడుస్తుంది. గ్యాస్ ధర ఎక్కువగానే ఉంటుందన్నది వీళ్ల లెక్క. షేల్ గ్యాస్ వచ్చి ధర పడిపోయింది. 2014లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఎక్సెల్ షీట్‌లో లెక్క తప్పలేదు, ఊహ తప్పింది.

మరి ఈ సంస్థల చేతిలోని సొంత డబ్బు ఎవరిది? చాలావరకు పెన్షన్ ఫండ్లది. 1981లోనే ఒరెగాన్ రాష్ట్ర ఉద్యోగుల పెన్షన్ సొమ్ము కేకేఆర్‌లోకి వచ్చింది. అంటే ఒక రాష్ట్రంలో టీచరు పెన్షన్ పెరగడానికీ, ఇంకో రాష్ట్రంలో దుకాణం మూతపడటానికీ కారణం ఒకే డీల్ కావచ్చు. నిర్వహణకు ఏటా 2 శాతం, లాభంలో 20 శాతం తీసుకోవడం ఈ రంగంలో వాడుక.

క్రావిస్, రాబర్ట్స్ 2021లో పగ్గాలు తర్వాతి తరానికి ఇచ్చారు. కేకేఆర్ మాత్రం మనకు దూరం కాదు. హైదరాబాద్ జవహర్‌నగర్ చెత్త యార్డు చూసుకునే రాంకీ ఎన్విరో ఇంజనీర్స్‌లో 60 శాతం వాటాను సుమారు 53 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2018లో ప్రకటించింది. దాని పేరే ఇప్పుడు రీ సస్టైనబిలిటీ. అయితే మన దగ్గర షేర్లు కొనడానికి బ్యాంకులు అప్పివ్వకుండా రిజర్వ్ బ్యాంక్ ఆంక్షలు చాలాకాలం ఉన్నాయి. అందుకే అమెరికా తరహా గడ్డపార ఇక్కడ అంతగా పనిచేయలేదు.

ఇదంతా చదివాక ఇంట్లో నాన్నకు చెప్పాను. ఆయన స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టర్. నేను ఏడో తరగతిలో ఉండగా ఆ మిల్లు చేతులు మారింది. కొన్నది క్రావిస్ లాంటి వాళ్లు కాదు, పక్క జిల్లా వ్యాపారి. అయినా మెయింటెనెన్స్‌లో సగం మందిని తీసేశారు. పక్కింటి బాబాయ్ కూడా వాళ్లలో ఉన్నాడు. నాన్న నా మెస్ లెక్క మొత్తం విని, "కొనేది వాళ్లు, అప్పు కట్టేది మిల్లా?" అన్నారు. అవునన్నాను. "మరి మిషన్లకు గ్రీజు కొనడానికి ఏం మిగుల్తుందిరా?" అన్నారు.

వారం రోజులు నేను చదివినదాంట్లో ఆ ప్రశ్న ఎవరూ అంత సూటిగా అడగలేదు.

నేను పీఈ మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పడం లేదు. క్యాట్ ఫారం నేనూ నింపాను. కానీ రేపు ఎప్పుడైనా అటువైపు టేబుల్ దగ్గర కూర్చుంటే, ఏ డీల్ ముందైనా మూడు ప్రశ్నలు రాసుకోవాలనుకుంటున్నా. లాభం ఎక్కణ్నుంచి వస్తుంది: పని మెరుగుపడా, అప్పు తీరా, ధర పెరిగా? నా ఊహ తప్పితే నష్టం ఎవరిది? వాయిదా కట్టాక గ్రీజుకు డబ్బు మిగుల్తుందా?

మూడోది మా నాన్నది. ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే అలాగే చెప్తాను.