మొదటి కాగితానికి ముందే

కుత్బుల్లాపూర్

బిడ్డా,

ఎన్‌రోల్‌మెంటు అయింది, ఆలిండియా బార్ పరీక్ష కూడా గట్టెక్కావు. జీడిమెట్ల, బాలానగర్ కార్మికుల కేసులే చేస్తానని రాశావు, చాలా సంతోషం. కానీ నీ ఉత్తరంలో ‘కేసు వచ్చినప్పుడు దానికి కావలసింది చదువుకుంటాను’ అన్న మాట నాకు నచ్చలేదు. భూమి తగాదాలో ఆ పద్ధతి కొంతవరకు నడుస్తుందేమో. ఉద్యోగం పోయిన మనిషి తరఫున నిలబడే వకీలుకు అది చాలదు. ఎందుకంటే ఈ కేసులు కోర్టు మెట్లెక్కక ముందే సగం తేలిపోతాయి. చార్జిషీటుకు రాసిన జవాబు, ఎంక్వైరీలో అడగకుండా వదిలేసిన ప్రశ్న, యాజమాన్యం రాయించుకున్న రాజీనామా, ఇవన్నీ తర్వాత సాక్ష్యాలై కూర్చుంటాయి. వాటిని సరిదిద్దే అవకాశం చాలాసార్లు మళ్లీ రాదు.

ఆగిన జీతం సంగతే తీసుకో. దీపాలి గుండు సూర్వాసే కేసులో 2013లో సుప్రీంకోర్టు ఒక ఉపాధ్యాయురాలికి న్యాయం చేస్తూ, అక్రమంగా తీసేసిన ఉద్యోగికి మళ్లీ ఉద్యోగంతో పాటు ఆగిన జీతమూ ఇవ్వడమే మామూలు పద్ధతి అని చెప్పింది. ఆ తీర్పు చాలామందికి తెలుసు. అందులోనే ఉన్న షరతు మాత్రం తొందరలో జారిపోతుంది. ఉద్యోగం లేని ఆ కాలమంతా తనకు వేరే సంపాదన లేదనో, ఉన్నా చాలా తక్కువనో ఉద్యోగి ముందుగా చెప్పుకోవాలి. అప్పుడే అది తప్పని రుజువు చేసే భారం యజమాని మీద పడుతుంది. క్లెయిమ్ స్టేట్‌మెంటులో ఆ ఒక్క వాక్యం లేకపోతే, ఏళ్ల తరబడి ఆగిపోయిన జీతం చిక్కుల్లో పడుతుంది. దాన్ని రాసేది కార్మికుడు కాదు, నువ్వు. ఆ తీర్పును నువ్వు ఎప్పుడు చదివావన్నదాని మీద ఒక ఇంటి అద్దె, ఒక పిల్లవాడి ఫీజు ఆధారపడతాయి.

పైగా ఇప్పుడు నేల మొత్తం కదిలింది. 29 కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. మనం కంఠతా పట్టిన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద, తీసేసిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లడానికి మూడేళ్ల గడువు ఉండేది. ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త కోడ్ ఆ గడువును రెండేళ్లు చేసింది. మరి 2024 మొదట్లో పని పోయి, యాజమాన్యం మళ్లీ పిలుస్తుందని ఎదురు చూస్తూ కూర్చున్నవాడి గతేమిటి? రద్దయిన చట్టం కింద ఏర్పడిన హక్కులను జనరల్ క్లాజెస్ చట్టం ఆరో సెక్షన్ ఎంతవరకు కాపాడుతుందో వాదించడానికి నువ్వు ఇవాళే సిద్ధంగా ఉండాలి. అతను నీ గడప తొక్కాక పుస్తకం తెరిస్తే, నువ్వు చదివే రోజులు కూడా అతని గడువులోంచే కోసుకుపోతాయి.

మన ప్రాంతానికి సూటిగా తగిలే మార్పు ఇంకొకటుంది. స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరి అయ్యే పరిమితి పాత కేంద్ర చట్టంలో 100 మంది కార్మికులు, ఇప్పుడు 300. జీడిమెట్లలో ఎక్కువ భాగం చిన్న, మధ్యతరహా యూనిట్లే. అలాంటి చోట తప్పు అంటే ఏమిటి, ఎంక్వైరీ ఎలా జరపాలి అని చెప్పే ధ్రువీకరించిన నిబంధనలు లేకపోతే నీ వాదన దేని మీద నిలబెడతావు? నియామక పత్రం మీద, సహజ న్యాయ సూత్రాల మీద, శిక్ష నేరానికి మించిందనిపిస్తే తగ్గించే ట్రిబ్యునల్ అధికారం మీద నిలబెట్టాలి. అన్ని మార్పులూ కార్మికుడికి ఎదురు కాదులే. సూపర్‌వైజరు జీతం 10,000 దాటితే పాత చట్టం తలుపు మూసేది, ఇప్పుడు ఆ పరిమితి 18,000. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది చేస్తే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. ఇవి తెలియని వకీలు గెలిచే కేసును కూడా వద్దని పంపించేస్తాడు.

అనుభవమే నేర్పుతుందని పెద్దలు అంటారు. అందులో నిజముంది. సాక్షిని ఎక్కడ ఆపాలో, రాజీకి ఎప్పుడు తల ఊపాలో ఏ పుస్తకమూ చెప్పదు. అయితే ఆ అనుభవం నిన్నటి చట్టంలో సంపాదించినది. ఎదుటి పక్షం సంగతి కూడా చూడు. పెద్ద కంపెనీకి హెచ్‌ఆర్ విభాగం, సలహాదారు, నోటిఫికేషన్ వెలువడగానే దాన్ని చదివి సారాంశం రాసి పంపే ఆఫీసు ఉంటాయి. కార్మికుడికి ఉన్నదల్లా నువ్వే.

ఇంకో అభ్యంతరం, మన దేశంలో వకీలు ఏటా ఇన్ని గంటలు చదవాలన్న నిర్బంధం లేదు కదా అని. లేదు, నిజమే. కాలిఫోర్నియాలో మూడేళ్లకు 25 గంటలు తప్పనిసరి. ఇంగ్లండు సొలిసిటర్లకు ఏడాదికి 16 గంటల నియమం ఉండేది. 2016 నవంబరులో దాన్ని తీసేసి, ఎవరికి ఏ లోటు ఉందో వారే తేల్చుకుని నేర్చుకోవాలన్నారు. గంటలు లెక్కపెట్టినంత మాత్రాన చదువు రాదని అక్కడివాళ్లే ఒప్పుకున్నట్టు నాకు అనిపిస్తుంది. నిర్బంధం లేని చోట ఆ లోటు తేల్చుకునే పని మొత్తం మన మీదే పడుతుంది, అంతే. డబ్బు లేదు, సెమినార్ ఫీజులు కట్టలేమన్న మాటను మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. జూనియర్ల సంపాదన ఎంతో నాకు తెలుసు. కానీ కోడ్లు, నోటిఫికేషన్లు, సుప్రీంకోర్టు, హైకోర్టు తీర్పులు నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. నలుగురు జూనియర్లు కలిసి వారానికో తీర్పు చదివితే ఖర్చేమీ ఉండదు.

చదువంటే తీర్పులే కాదు బిడ్డా. జీతం చీటీ చదవడం నేర్చుకో. కొత్త నిర్వచనంలో అలవెన్సులు మొత్తం చెల్లింపులో సగాన్ని మించితే, మించిన భాగం వేతనం కిందికే వస్తుంది. గ్రాట్యుటీ లెక్క అక్కడే మారుతుంది. ఈఎస్‌ఐలో బీమా ఉన్నవాడు పనిలో తగిలిన గాయానికి యజమాని మీద విడిగా పరిహార దావా వేస్తే చెల్లదు. కాబట్టి ఏ యంత్రం దగ్గర, ఏ కాంట్రాక్టరు కింద, ఏ కార్డుతో పని చేశాడో దరఖాస్తు రాయకముందే అడగాలి. కొంపల్లి, సుచిత్ర షోరూముల్లో పనిచేసేవాళ్లకైతే 1988 నాటి దుకాణాల చట్టం చూడు. ఆరు నెలలు పనిచేసినవారిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వకుండా తీసేయడానికి వీల్లేదు.

చివరిగా, చాలామంది పట్టించుకోని సంగతి. రాజీ చర్చల్లో వకీలు కూర్చోవడానికి పాత చట్టం ఒప్పుకోలేదు. ట్రిబ్యునల్లో కూడా ఎదుటి పక్షం సమ్మతి, ట్రిబ్యునల్ అనుమతి రెండూ కావాలి. 1976లో పారదీప్ పోర్ట్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఆ షరతును నిలబెట్టింది, కొత్త కోడ్ కూడా దాన్ని వదల్లేదు. అంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో, అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అధికారి ముందు కార్మికుడు, యూనియన్ నాయకుడు కూర్చున్నప్పుడు నువ్వు పక్కన ఉండకపోవచ్చు. నువ్వు చదివింది వాళ్ల నోట పలకాలి. అందుకే ప్రతి కొత్త నియమాన్నీ తెలుగులో ఒక పేజీకి కుదించి రాసి, చింతల్, సూరారం యూనియన్ ఆఫీసుల్లో వాళ్ల ముందు చదివి వినిపించు. వాళ్లు అడిగే ప్రశ్నలకు నీ దగ్గర జవాబు లేకపోతే, వచ్చే వారం మీ నలుగురూ చదవాల్సింది అదే.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి