చీట్లు, లెక్కలు, రేడియము

యూదాకు బదులుగా అపొస్తలుని ఏర్పరచునప్పుడు చీటి మత్తీయ పేరట వచ్చెనని అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయములో చదువుచున్నాము. నేడు కంప్యూటరు చీట్లు వేయుచున్నది. ఎన్నికలలో ఏ ఓటింగు యంత్రము ఏ పోలింగు కేంద్రమునకు పోవలెనో అదే తేల్చును. ప్రియులారా, అది నిజమైన చీటియేనా?

చాలమట్టుకు కాదు. ఒక సంఖ్యను 5తో హెచ్చవేసి, 3 కలిపి, 16తో భాగించి, మిగిలిన శేషముతో మరల అట్లే చేయుడి. 7తో మొదలుపెట్టిన 6, 1, 8, 11, 10 వచ్చును. చూచువారికి గజిబిజి, లెక్క తెలిసినవారికి ముందే తెలిసిన వరుస. కంప్యూటరు లెక్క ఇంతకంటె మిక్కిలి పెద్దది గాని జాతి ఇదే. మొదటి సంఖ్యను విత్తనమందురు. అదే విత్తనము వేసిన అదే పంట. కాబట్టి విత్తనము ఎవరి చేతిలో నున్నదని అడుగుట అవిశ్వాసము కాదు. మంచి యంత్రములు చిప్పులోని వేడిమి వలన కలుగు సూక్ష్మమైన కదలికలనుండి దానిని తీసికొనును.

సృష్టిలో సంగతి వేరు. కొంత రేడియము ఉంచిన, సుమారు 1600 సంవత్సరములలో సగము పరమాణువులు విచ్ఛిన్నమగును. ఏ పరమాణువు ఎప్పుడో చెప్పగల లెక్క ఎవరియొద్దను లేదు. సామెతలు 16:33 ఎరిగినవారు దీనికి కలత చెందనక్కరలేదు.

అయితే అన్నిటిని చీటిమీద వేయరాదు. 2021లో వేములఘాట్ మల్లన్నసాగరులో మునుగుటను తలరాత అనువారుందురు. కట్ట ఎచ్చట, నీటిమట్టమెంత అని మనుష్యులు పటముమీద గీసిన గీత అది. గీసినవారిని కారణమడుగవచ్చును. 2016లో రిలే నిరాహారదీక్షలు మొదలుపెట్టి ఆ ఊరివారు అదే అడిగిరి.