తూము మూస్తే చెరువెండదు

ఆపరేషన్ అయిన ఆడమనిషిని ఆటోలో ఊరికి తీసుకుపోవడం ఎప్పుడైనా చూశారా? ఆదిలాబాద్ నుంచి ఇచ్చోడ దాకా ఫర్వాలేదు, నున్నటి హైవే. అక్కడ రోడ్డు దిగి ఊళ్లలోకి మళ్లాకే అసలు ప్రయాణం. గుంత వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి పొత్తికడుపు మీదికి పోతుంది. డ్రైవర్ పక్కన కూర్చున్న భర్త, "మెల్లగ పోనియ్ అన్నా" అంటాడు. పిల్లలు ఇక చాలు అనుకున్న సంసారంలో అతని వంతు చాలా ఇళ్లలో అంతే: ఆటో మాట్లాడటం, కాగితం మీద సంతకం పెట్టడం, మెల్లగ పోనియ్ అనడం. ఆ సంతకమూ నిజానికి అక్కర్లేదు. ఆమె ఆపరేషన్‌కు ఆమె సంతకం చాలని జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

అతను చెడ్డవాడేం కాదు. ఇంకో దారి ఉందని ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయి, పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో నూటికి 37.9 మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. భర్త చేయించుకున్న ఇళ్లు నూటికి 0.3. తెలంగాణలో ఆడవాళ్ల లెక్క 60 దాటింది. ఇచ్చోడ చుట్టుపక్కల ఇళ్లలో తెలుగు, గోండి, మరాఠీ, లంబాడి ఇలా ఎన్నో భాషలు వినిపిస్తాయి. ఏ భాషలోనైనా ఈ మాట ఆడవాళ్ల మధ్యే తిరుగుతుంది.

ఎప్పుడూ ఇలాగే లేదు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 62 లక్షల మంది మగవాళ్లకు ఆపరేషన్ (వేసెక్టమీ) చేశారు. చాలామందిని పట్టుకుపోయి, బెదిరించి చేశారు. ఆ బెదురు ఓట్లలో బయటపడింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు మగవాళ్ల జోలికి పోవడం తగ్గించి ఆడవాళ్ల వైపు తిరిగాయి. అప్పుడు మగవాళ్లకు పట్టుకున్న భయాన్ని ఇప్పటికీ ఆడవాళ్ల కడుపులే మోస్తున్నాయి.

"మా దిక్కు మొగోళ్లు ఒప్పుకోరు సార్" అనేవాళ్లకు ఒక్క మాట. కరీంనగర్‌నే చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో మగవాళ్ల ఆపరేషన్లకు పేరు మోసిన జిల్లా అది. అక్కడివాళ్లూ పత్తి పండించేవాళ్లే, మనలాంటి మగవాళ్లే. చెప్పేవాళ్లుంటే వింటారన్నమాట.

ఇక భయాల సంగతి. మొదటిది "శక్తి పోతుంది" అని. తూము మూసినంత మాత్రాన చెరువు ఎండిపోతుందా? వేసెక్టమీలో మూసేది వీర్యకణాలు బయటికి వచ్చే సన్నటి గొట్టాలను మాత్రమే. మగతనాన్నిచ్చే హార్మోన్ ఆ గొట్టాల్లో పోదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. కోరిక, బలం, గొంతు, మీసం, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. కోత, కుట్టు లేని పద్ధతిని చైనా డాక్టర్ లీ షుంచియాంగ్ 1974లో కనిపెట్టాడు. ఆ చోట మాత్రమే మత్తు ఇస్తారు, అరగంటలోపు పని అయిపోతుంది, అదే రోజు ఇంటికి రావచ్చు. ఆడవాళ్లకైతే కడుపు లోపలిదాకా వెళ్లాలి. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం శిబిరంలో 34 మందికి చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. అలాంటివి అరుదే. అయినా రెండింటిలో ఏది చిన్న పనో తేల్చుకోవడానికి డాక్టరే కానక్కర్లేదు. కూలి నష్టానికి సర్కారు ఇచ్చే డబ్బు కూడా మగవాళ్లకే కాస్త ఎక్కువ. చిన్న పనికి పెద్ద కూలి ఇస్తామన్నా కదలనిది మనమే!

రెండో భయం అత్తగారిది. "నా కొడుకు కష్టం చేసేటోడు, వానికెందుకు కోత?" ఏటా నవంబర్ 21 నుంచి డిసెంబర్ 4 దాకా వేసెక్టమీ పక్షోత్సవం జరుగుతుంది. మన దగ్గర అది నిండు పత్తి సీజన్. పొద్దంతా నడుం వంచి పత్తి ఏరేది ఎవరు? కుట్లతో ఉన్న కోడలు ఎన్నాళ్లు వంగలేదో, కొడుకు ఎన్నాళ్లు మూట ఎత్తలేడో ఆ అత్తగారినే లెక్క కట్టమనండి. అతనికి రెండు రోజుల విశ్రాంతి, సుమారు వారం పాటు బరువులు ఎత్తకపోవడం. ఆ వారం మూటలెత్తడానికి తమ్ముడో బావమరిదో దొరకడా?

ఒక వాదనకు మాత్రం విలువ ఇవ్వాలి. కాన్పు సిజేరియన్ అయితే అదే కోతలో ఆమెకూ ఆపరేషన్ అయిపోతుంది కదా అంటారు. తెలంగాణలో కాన్పుల్లో సగానికి పైగా సిజేరియన్లే కాబట్టి అది తీసిపారేసే మాట కాదు. కానీ ఆ నిర్ణయం నొప్పుల గది బయట, నర్సు కాగితం చాపినప్పుడు తీసుకునేది కాదు. ఏడో నెల లోపే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. "నాకు చేయించుకోవాలని లేదు" అనే హక్కు ఆమెకు ఉందని ముందే ఒప్పుకుని మొదలుపెట్టండి. కొట్లాడుకున్న రాత్రి ఈ మాట తీయొద్దు. పొలం నుంచి వస్తూ దారిలో తీస్తే మేలు, ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు.

ఇంకా పిల్లలు కావాలి, ఇప్పుడే వద్దు అనుకునేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు కండోమ్ ఉంది. అది ఆశ కార్యకర్త దగ్గరే దొరుకుతుంది, వెళ్లి అడగాల్సింది మీరు, ఆమె కాదు. పిల్లలు ఇప్పుడే కలగకుండా వేసే అంతర ఇంజెక్షన్ భార్య తీసుకుంటుంటే మూడు నెలలకోసారి వచ్చే ఆ తేదీని మీ ఫోన్‌లో పెట్టుకోండి. ఎరువు బాకీ తేదీ గుర్తుంటుంది కదా, ఇదీ ఉంటుంది.

ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్లకు ఒక గట్టి హెచ్చరిక. తూము మూసిన వెంటనే కాలువలో నీళ్లు ఆగవు. మూడు నెలలు కండోమ్ వాడాలి, ఆ తర్వాత వీర్య పరీక్ష చేయించుకుని, కణాలు లేవని డాక్టర్ చెప్పాకే మానాలి. చాలామంది ఇది వదిలేస్తారు. కొన్నిసార్లు కొద్ది నెలల్లోనే భార్యకు కడుపొస్తుంది. అప్పుడు ఊరు ఆమె వైపు అదోలా చూస్తుంది, ఇంట్లో వేలు ఆమె మీదికే లేస్తుంది. ఆమె ఏ తప్పూ చేయలేదు, జాగ్రత్త పడనిది, పరీక్షకు వెళ్లనిది మీరు. అందుకే ఆసుపత్రి గడప దాటకముందే పరీక్ష తేదీ రాయించుకోండి. ఆ చీటీని రేషన్ కార్డు పక్కనే పెట్టి, ఎక్కడుందో ఆమెకు చూపించండి.