వచ్చిన మూట, మరలిన మూట



ఈ పాఠమునకు ఎన్నుకొన్న విషయము చూచుటకు చిన్నది. అడుగని వస్తువు మన గడపకు వచ్చినపుడు ఏమి చేయవలెను? మంచి మనస్సుతో మనమిచ్చినదానిని ఎదుటివారు వలదన్నపుడు దానిని ఎట్లు గ్రహింపవలెను? ఈ రెండు ప్రశ్నలకును శరణుల చరిత్రలలో పెద్ద చోటే కలదు.

ఉప్పలు నుండి వరంగల్లు పోవు రహదారిపైనున్న మా మేడిపల్లిలో ఒకప్పుడు పోస్టుమాను తెచ్చు ఉత్తరమే గొప్ప. నేడు పగలెల్ల కొరియరు కుర్రవాండ్రు మోటారు సైకిళ్లపై వీథివీథికి పొట్లములు చేర్చుచున్నారు. విదేశమందలి కుమారుడో, పట్టణమందలి అల్లుడో, ఎవరు పంపిరో తెలియక మునుపే పెట్టె గుమ్మములో నుండును. వీనితోబాటు మోసగాండ్రును బయలుదేరినారు. “మీ పేర వచ్చిన పార్సిలులో నిషిద్ధ పదార్థము దొరకినది, మేము పోలీసులము” అని ఫోనులో బెదరించి ధనము లాగుదురు. అట్టివారితో మాట పెంచక 1930 సంఖ్యకు ఫిర్యాదు చేయుటయే పని. ఫోనునకు వచ్చిన ఓటీపీని ఎవరికిని చెప్పరాదు. పొరపాటున వచ్చిన పరుల పొట్లమును విప్పక మరల్పవలెను. ఈ రెంటిని గూర్చి ఇంతకన్న చెప్పనక్కరలేదు. చిక్కంతయు ప్రేమతో వచ్చిన పొట్లము తోడనే.

పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున మోళిగ మారయ్య కథ కలదు. మోళిగ యనగా కట్టెలమోపు. అడవికేగి కట్టెలు కొట్టి, మోపు తలకెత్తుకొని కల్యాణమున అమ్మి, వచ్చిన కాసులతో జంగమార్చన సేయుట ఆయన కాయకము. ఆయన పూర్వము కాశ్మీరదేశపు రాజనియు, భార్య మహాదేవితో గూడ రాజ్యము విడిచి వచ్చెననియు కన్నడ సంప్రదాయమున ప్రసిద్ధి. బసవేశ్వరుడో, బిజ్జలుని కొలువున భండారి. మారయ్య పేదరికమును గూర్చి విని ఆయన మనస్సు కరగెను. మారయ్య ఇంట లేని వేళ పోయి, ప్రసాదము స్వీకరించి, ఎవరికిని తెలియకుండ బంగారు నాణెముల మూటలు అచట నుంచి వచ్చెను.

మోపమ్మి ఇల్లు చేరిన మారయ్య ఆ మూటలు చూచెను. ఎవరి పని యని ఊహించుటకు ఆయనకు ఎక్కువ సేపు పట్టలేదు. ఆ ధనమును తన ఇంటికి వాడుకొనక జంగములకు పంచిపెట్టెను. అంతతో ఆగలేదు. జంగమ పాదోదకము చిలుకరింపగా కట్టెలు బంగారమయ్యెను. దానినిగూడ వారికే ఇచ్చివేసెను. ఆ వార్త విన్న బసవేశ్వరుడు మారయ్య కడకు వచ్చి మన్నింపుమని వేడెను.

ఈ కథను పిల్లలకు చెప్పునపుడు మనము సాధారణముగా కట్టెలు బంగారమైన మహిమ కడనే నిలిచిపోవుదుము. నా దృష్టిలో దాని తరువాతి ఘట్టమే పెద్ద మహిమ. ఇచ్చిన మంత్రి, పుచ్చుకొనని కట్టెలవానిని క్షమాపణ కోరెను! లోకమున దీనికి తలక్రిందుగా జరుగును. “ఇంత ప్రేమతో నిచ్చిన వలదనునా” అని దాత అలుగును. వలదన్నవాడు పదిమంది యెదుట సంజాయిషీ చెప్పుకొనును.

ఇంతకును బసవేశ్వరుని యెడ మారయ్యకు తోచిన లోపమేమి? ధనమిచ్చుట కాదు, ఆ మహనీయుడు జీవితమంతయు ఇచ్చినవాడే. మారయ్యకు లేమి కలదని తానే నిర్ణయించుకొనుటలోనే చిక్కు కలదు. రాజ్యమునే విడిచినవానికి మూటలొక లెక్కయా? మరియొకటి. చాటుగా నిచ్చుటను మనము సుగుణముగా నెంచుదుము. దాత పేరు బయటపడదు గదా. కాని పుచ్చుకొనువానికి “వలదు” అను అవకాశమును ఆ చాటుతనమే హరించును. ఇచ్చినవాడు ఎదుట నున్న, చేతులు జోడించి మరల్పవచ్చును. మూట మాత్రమే ఎదుట నున్న, ఎవరికి చేతులు జోడింపవలెను?

ఆయ్దక్కి మారయ్య కథ దీనికి తోడుగా చదువదగినది. శూన్యసంపాదనమున ఇద్దరు మారయ్యలకును వేర్వేరు ప్రకరణములు కలవు. కన్నడమున ‘ఆయు’ అనగా ఏరుట, ‘అక్కి’ అనగా బియ్యము. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన గింజలను ఏరి తెచ్చుట ఈయన కాయకము. వానిని వండి జంగములకు పెట్టుట భార్య లక్కమ్మ వంతు. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆ దంపతులయందలి ప్రేమచేత బసవేశ్వరుడే ఎక్కువ గింజలు రాలునట్లు చేయించెనని చెప్పుదురు. లక్కమ్మ మూట చూచెను. మిగులు బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను మరల పంపెను.

పాఠకులు ఇచట ఒకింత నిలువవలెను. ఆ బియ్యము దొంగసొత్తు కాదు. మారయ్య అడిగి తెచ్చినది కాదు. రాలిన గింజ నేరుటకు ఆయనకు నిత్యము హక్కున్నదే. అయినను లక్కమ్మకు లెక్కలోని తేడా తెలిసెను. రాలిన గింజ వేరు, రాల్చిన గింజ వేరు. మొదటిది కాయకఫలము, రెండవది కాయకపు వేషము వేసికొని వచ్చిన కానుక. రోజూ కొలిచి ఎసట పోయు ఇల్లాలికి ఈ తేడా ముందుగా కనబడుట సహజమే. చారెడు మిగులును మరల్చిన ఆమెయే తరువాత బసవేశ్వరునితో గూడ లక్షా తొంబదియారువేల జంగములకు విందు చేసెనని సంప్రదాయము. ‘మారయ్యప్రియ అమరేశ్వరలింగ’ అను అంకితముతో ఆమె వచనములు నేటికిని నిలిచియున్నవి.

ఇవి దూరదేశపు కథలు కావు. బసవకల్యాణమున్న బీదరు జిల్లాయు, ఈ దంపతుల అమరేశ్వర క్షేత్రమున్న రాయచూరు జిల్లాయు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనివే. జహీరాబాదు, హుమ్నాబాదుల మీదుగా బస్సులో పోయిన ఒక్క పూట ప్రయాణము.

దాసోహ పదమును విడదీసిన ‘దాసః అహమ్’, నేను దాసుడను, అని యగును. దానమిచ్చువాడు పైన నిలిచి క్రిందికి చూచును. దాసోహము చేయువాడు పుచ్చుకొనువానిని ఏలికగా నెంచును. అట్లయినచో ఏలిక వలదన్న వస్తువును దాసుడు బలవంతముగా ఒడిలో వేయునా? చట్టమును ఈ విషయమున శరణుల పక్షమే వహించినది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 122వ సెక్షను ప్రకారము, దాత జీవించియుండగా గ్రహీత స్వీకరించిననే దానము చెల్లును. స్వీకరింపక మునుపే గ్రహీత మరణించినచో అది దానమే కాదు. చిరునామాదారుడు వలదన్న పొట్లమును తపాలాశాఖయు ఆ మాట వ్రాసి పంపినవారికే మరల్చును.

2020లో లాక్‌డౌన్ నాళ్లలో మా ప్రాంతమున ఇస్త్రీ బండి పెట్టుకొని బ్రదుకు ఒక కుటుంబమునకు పని లేకపోయెను. ఇరుగుపొరుగువారు చందా వేసికొని బియ్యపు బస్తా, పప్పు, నూనె తెల్లవారకమునుపే వారి గుమ్మములో పెట్టి వచ్చిరి. ఆ ఇల్లాలు బస్తా విప్పలేదు. ఇల్లిల్లు తిరిగి ఎవరెంత వేసిరో అడిగెను. పని మొదలైన పిదప ఆ వెలకు సరిపడ బట్టలు ఇస్త్రీ చేసి తీర్చుటకు ఒప్పుకొన్ననే గింజ ముట్టుదునని చెప్పెను. కొందరు నొచ్చుకొనిరి. “బీదవారికి ఇంత పట్టుదలయా” అని ఒక పెద్దమనిషి అనెను. రోగమంతయు ఆ ఒక్క మాటలోనే కలదు. ఆమె ఒక్కొక్క ఇంటి లెక్కను గోడపై బొగ్గుగీతలుగా గీసికొని, తీరినకొలది చెరిపివేసెను. లక్కమ్మ పేరు ఆమె విన్నట్లు నేనెరుగను.

అయితే వలదనుటయెల్ల శరణమార్గమని భ్రమపడరాదు. ఇచ్చువాని కులము చూచి, గుడిసె చూచి ప్రసాదము వలదన్నవాడు బసవేశ్వరుని మార్గమున లేడు. పుచ్చుకొనిన తాను తగ్గిపోవుదునని మరల్చువాడును అంతియే. వస్తువును మరల్పవచ్చును గాని మనిషిని మరల్పరాదు. బాలుడొకడు తన పెరటి జామకాయ తెచ్చి నా బల్లపై పెట్టినచో, కోసి తరగతిలో పంచి నేనును ఒక ముక్క తిందును. అదే బాలుని తండ్రి పరీక్షల కాలమున పట్టుపంచెల పెట్టె పంపినచో విప్పకయే మరలింతును. ఈ మరలింపునకు శరణుల ఆదర్శమటుండ, ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళియు కలదు.

మఠములవారికి ఒక విన్నపము. వెండి వస్తువులు, బియ్యపు బస్తాలు పేరులేకుండ వచ్చినపుడు, అవి ఎవరి కష్టమో విచారించిన పిదపనే భండారమున చేర్చుట మేలు. దూరమున నున్న బిడ్డలకును ఒక మాట: తల్లికి బట్టలుతుకు యంత్రము పంపుటకు మునుపు ఒక్కసారి అడుగుడు. అడుగక పంపిన పెట్టెలు అటకలపై ఎన్ని కలవో మా వీథిలో లెక్కించినచో ఆశ్చర్యము కలుగును.

ఈ పాఠమును పిల్లలతో చదువునపుడు ఒక ప్రశ్న వేయుడు. ఎవరిచ్చినదియు ఊహించిన మోళిగ మారయ్య ఆ మూటలను బసవేశ్వరునికే మరలింపక జంగములకేల పంచెను? మా ఇంటి ఆదివారపు పాఠమున ఒక బాలిక, “తిరిగి యిచ్చిన బసవన్నను పదిమందిలో చిన్నబుచ్చినట్లగును గదా” అనెను. ప్రక్కనున్న ఆమె తమ్ముడు దానికి ఒప్పుకొనక, “మూటపై పేరే లేదు, ఎవరికని ఇచ్చును?” అనెను.